రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500: ఈ రెండు పంప్ షాట్‌గన్‌లలో ఏది బెటర్?

ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులు... ఏది కొనాలో చెప్పమని మమ్మల్ని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పోయిన నెల మాత్రం డల్లాస్ నుంచి మా బావ ఫోన్ చేసి వేరే ప్రశ్న వేశాడు. "ఒరేయ్, ఏ ఫోన్ కొనాలో లోకమంతటికీ చెబుతావు కదా. రెమింగ్టన్ 870 తీసుకోవాలా, మాస్‌బర్గ్ 500 తీసుకోవాలా? అది చెప్పు చూద్దాం."

బావ ఆఫీసు ఫ్రెండ్స్‌తో వీకెండ్‌లో క్లే షూటింగ్‌కి వెళ్తున్నాడు. గాల్లోకి మట్టి బిళ్లలు విసిరితే కాల్చడం అన్నమాట. టెక్సాస్‌లో సెప్టెంబర్ 1న డవ్ సీజన్, అంటే గువ్వల వేట మొదలవుతుంది. ఈసారి అద్దె గన్‌తో కాకుండా సొంత గన్‌తో వెళ్లాలని ఆయన ఆశ.

ముందే ఒక మాట. మా రివ్యూలన్నీ వారం పది రోజులు వాడి చూసి రాస్తాం. ఇది అలాంటిది కాదు. మాన్యువల్స్ చదివి, లోపలి బొమ్మలు చూసి, బావ షాపు కౌంటర్ దగ్గర రెండూ పట్టుకుని వీడియో కాల్‌లో చూపిస్తే అర్థం చేసుకుని రాస్తున్నది.

అసలు పంప్ యాక్షన్ అంటే?

బ్యారెల్ కింద ఎడమ చేత్తో పట్టుకునే భాగం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. వెనక్కి లాగితే కాలిన షెల్ బయటపడుతుంది. ముందుకు తోస్తే కింద గొట్టంలో వరసగా ఉన్న షెల్స్‌లో ఒకటి పైకొచ్చి ఛాంబర్‌లో కూర్చుంటుంది. అంతా చేతి బలమే. అందుకే కాస్త బలహీనమైన షెల్ వేసినా, మైనం పూసినట్టు మురికి పట్టినా ఇవి పనిచేస్తాయని పేరు.

మన సినిమాల్లో హీరో డైలాగ్‌కి ముందోసారి, తర్వాతోసారి 'చక్ చక్' అనిపిస్తాడు చూడండి, నిజంగా లోడ్ చేసిన గన్‌తో అలా చేస్తే ప్రతిసారీ కాల్చని షెల్ ఒకటి కింద పడుతుంది.

12 గేజ్, 20 గేజ్ అనే అంకెలు కూడా తిరకాసే. ఒక పౌండు సీసంతో 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో 12 గేజ్ గొట్టం అంత వెడల్పు, దాదాపు 18.5 మిల్లీమీటర్లు. 20 గుండ్లు చేస్తే గుండు చిన్నదవుతుంది కదా, కాబట్టి 20 గేజ్ సన్నం. అంకె పెరిగితే సైజు తగ్గుతుంది. మన ఊళ్లలో బ్యాంకు గేటు దగ్గర గార్డు భుజాన వేలాడే డబుల్ బ్యారెల్ కూడా మామూలుగా ఈ 12 బోరే.

స్పెసిఫికేషన్స్ చూస్తే తేలదు

870 వచ్చింది 1950లో. మాస్‌బర్గ్ 500 దాని తర్వాత ఓ పదేళ్లకి వచ్చింది. రెండూ ఒక్కోటి కోటికి పైగా తయారయ్యాయి. రెండూ 12 గేజ్, 20 గేజ్‌లలో దొరుకుతాయి. రెండింటికీ బోలెడన్ని రకాల బ్యారెల్స్, స్టాక్స్ మార్కెట్లో ఉన్నాయి. ఫోన్లకి కవర్లు, గ్లాసులు దొరికినట్టే.

కెపాసిటీలో మామూలు ఫీల్డ్ మోడల్స్ తీసుకుంటే మాస్‌బర్గ్‌లో ట్యూబ్‌లో 5, ఛాంబర్‌లో 1. రెమింగ్టన్‌లో 4, 1. కాగితం మీద మాస్‌బర్గ్ గెలిచినట్టే. కానీ గువ్వలు వలస పక్షుల కింద లెక్క. వాటి వేటలో గన్‌లో మొత్తం 3 షెల్స్ మించి పట్టకూడదని అమెరికా ఫెడరల్ రూల్. అందుకని ట్యూబ్‌లో ఒక ప్లగ్ పెట్టి అడ్డం వేస్తారు. బావకి ఆ ఆరో షెల్ వల్ల ఉపయోగం సున్నా. 108 మెగాపిక్సెల్ కెమెరా కొని వాట్సాప్‌లో ఫొటోలు పంపినట్టు.

మరి తేడా ఎక్కడుంది? మీ బొటనవేలు ఎక్కడ ఆగుతుంది అన్న దగ్గర.

సేఫ్టీ బటన్: అసలు తేడా ఇదే

మాస్‌బర్గ్‌లో సేఫ్టీ పైన ఉంటుంది. గన్ వెనక భాగం మీద, బొటనవేలు సహజంగా వాలే చోట. ముందుకు తోస్తే కాల్చడానికి రెడీ, ఎర్ర చుక్క కనబడుతుంది. వెనక్కి లాగితే సేఫ్. ఏ చేతివాటం వాళ్లకైనా ఒకటే. గన్ భుజానికి ఎత్తినప్పుడు కూడా కంటి ముందే ఉంటుంది.

రెమింగ్టన్‌లో ట్రిగ్గర్ గార్డు వెనక అడ్డంగా దూరే బటన్. కుడి నుంచి ఎడమకి నొక్కితే రెడీ, ఎడమ పక్క ఎర్ర గీత బయటికొస్తుంది. కుడిచేతి వాళ్లకి చూపుడు వేలితో నొక్కడం హాయి. ఎడమచేతి వాళ్లకి మాత్రం అది తిరగబడినట్టే.

మా బావది ఎడమచేతి వాటం. పెళ్లిలో ఎడమచేత్తో తలంబ్రాలు పోయబోతే పంతులుగారు ఆపిన ముచ్చట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కౌంటర్ దగ్గర 870 పట్టుకుని సేఫ్టీ తీయమంటే పట్టు వదిలి, వేలు చుట్టూ తిప్పి వెతుక్కున్నాడు. 500 ఇవ్వగానే అడగకముందే బొటనవేలు బటన్ మీదికెళ్లింది. నాకు సంగతి అక్కడే సగం తేలిపోయింది.

అలాగని మాస్‌బర్గ్ అందరికీ బెటర్ అని కాదు. కొంతమంది మామూలు స్టాక్ తీసేసి పిస్టల్ గ్రిప్ స్టాక్ వేసుకుంటారు. అప్పుడు బొటనవేలు కిందికి పోతుంది, పైనున్న సేఫ్టీ అందదు. అలాంటి వాళ్లకి 870 పద్ధతే నయం.

ఛాంబర్ నిండి ఉన్నప్పుడు పంప్ కదలకుండా లాక్ అవుతుంది. దాన్ని విప్పే చిన్న మీట మాస్‌బర్గ్‌లో ట్రిగ్గర్ గార్డు వెనక, రెమింగ్టన్‌లో ముందు ఉంటుంది. వెనకుంటే పట్టు సడలించకుండా వేలితో అందుకోవచ్చు. ఏళ్ల తరబడి ఒకదానికి అలవాటు పడ్డవాళ్లు రెండోది పట్టుకుంటే తడబడటం ఖాయం. ఐఫోన్ వాడేవాళ్ల చేతికి ఆండ్రాయిడ్ ఇచ్చినట్టే.

లోడింగ్, లోపలి సంగతులు

షెల్‌ని పైకి ఎత్తే రేకు ఒకటుంటుంది. మాస్‌బర్గ్‌లో అది పైకే లేచి ఉండి దారి వదులుతుంది, నేరుగా షెల్ తోసేయొచ్చు. రెమింగ్టన్‌లో కిందికి దిగి ఉంటుంది, షెల్‌తో దాన్ని పైకి నొక్కుతూ తోయాలి. చలికాలంలో గ్లోవ్స్ వేసుకుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది.

870 బాడీ గట్టి ఉక్కు. 500ది అల్యూమినియం మిశ్రమం. "అల్యూమినియం అంటే పేలిపోదూ?" అని మా అక్క భయం. అలా కాదు. రెండింటిలోనూ బోల్ట్ వెళ్లి నేరుగా బ్యారెల్ వెనక భాగంలోనే లాక్ అవుతుంది, పేలుడు ఒత్తిడి మోసేది ఆ లాకే. అల్యూమినియం వల్ల కాస్త తేలిక, తుప్పు భయం తక్కువ. కాకపోతే తేలిక గన్ భుజాన్ని ఎక్కువ తంతుంది. రోజంతా క్లే కాల్చేవాళ్లకి ఉక్కు బరువే సుఖం.

స్మూత్‌నెస్‌లో మాత్రం నా ఓటు రెమింగ్టన్‌కే, అదీ వింగ్‌మాస్టర్ అనే ఖరీదైన రకానికి. వీడియో కాల్‌లో కూడా ఆ కదలిక శబ్దం వేరుగా వినిపించింది. మాస్‌బర్గ్ ముందు పట్టు ఊపితే కటకటమంటుంది. అది లోపం కాదు, వదులుగా అమర్చిన తీరే అంత. రిపేరుకొస్తే మాస్‌బర్గ్ ముందుంది: ఖాళీ షెల్‌ని బయటికి విసిరే ఎజెక్టర్ ఒక స్క్రూతో ఉంటుంది, ఇంట్లోనే మార్చుకోవచ్చు. 870లో దాన్ని రివెట్ కొట్టి బిగిస్తారు, గన్‌స్మిత్ దగ్గరికి పోవాల్సిందే. మాస్‌బర్గ్ సేఫ్టీ బటన్ చాలా మోడల్స్‌లో ప్లాస్టిక్, చాలామంది లోహంది కొని మార్చుకుంటారు.

కంపెనీల సంగతి కూడా చూసుకోవాలి. 1816లో మొదలైన రెమింగ్టన్ 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి దివాలా తీసింది, ముక్కలుగా అమ్ముడుపోయింది. న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లోని పాత ఫ్యాక్టరీ 2024లో మూతపడింది, తయారీ జార్జియాకి మారింది. కాబట్టి సెకండ్ హ్యాండ్ 870 కొనేటప్పుడు ఏ ఏడాదిదో, ఏ రకమో అడగండి. మాస్‌బర్గ్ 1919 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. ధర కూడా మామూలుగా మాస్‌బర్గ్‌దే తక్కువ.

కొనే ముందు వీసా చూసుకోండి

ఇది సీరియస్ విషయం. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ, షెల్స్ గానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. మినహాయింపులు కొన్నే, లైసెన్స్ గడువు దాటితే అదీ పోయినట్టే. ఫ్రెండ్ గన్ చేత్తో పట్టుకుని రేంజ్‌లో నాలుగు షెల్స్ కాల్చినా చట్టం దృష్టిలో దగ్గర ఉంచుకున్నట్టే కావచ్చు. షాపులో నింపే ఫారంలో అబద్ధం రాస్తే అది వేరే కేసు. ఒక్క ఇన్‌స్టా రీల్ కోసం గ్రీన్ కార్డు ఫైలు పణంగా పెట్టకండి, అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. మా బావకి గ్రీన్ కార్డు వచ్చాకే ఈ మాటెత్తాడు.

ఇక్కడి పాఠకుల విషయానికొస్తే, మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా ఇవేవీ కుదరవు. హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్ దగ్గర అప్లై చేయాలి. 2019 సవరణ తర్వాత ఒక్కరి దగ్గర రెండు ఆయుధాలు మించకూడదు. ఈ అమెరికన్ మోడల్స్ షాపుకెళ్లి కొత్తవి కొనుక్కునే పరిస్థితి ఇక్కడ లేదు.

ఇంట్లో పిల్లలుంటే

ట్యూబ్ ఉన్న గన్‌తో ఒక మోసం ఉంది. ఒకసారి పంప్ చేస్తే ఒక షెల్ బయట పడుతుంది, 'ఖాళీ అయింది' అనుకుంటాం. ముందుకు తోసిన క్షణంలో కింద నుంచి ఇంకోటి ఎక్కి కూర్చుంటుంది. శుభ్రం చేస్తుంటే పేలింది అనే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి పొరపాటే. యాక్షన్ తెరిచి, ఛాంబర్‌లో కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, ట్యూబ్ నోరు కూడా అలాగే చూడాలి. సేఫ్టీ బటన్ ఆన్‌లో ఉందిగా అన్నది లెక్కలోకి రాదు.

12, 20 గేజ్ రెండూ ఇంట్లో ఉంటే ఇంకో ప్రమాదం. 20 గేజ్ షెల్ పొరపాటున 12 గేజ్ గన్‌లో పడితే జారి బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. దాని వెనక 12 షెల్ వేసి కాలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. అందుకే 20 గేజ్ షెల్స్‌ని పసుపు రంగులో చేస్తారు. రెండూ ఒకే సంచిలో పెట్టకండి.

నేను బావకి చెప్పింది: కుడిచేతి వాటమై, నిదానంగా క్లే ఆడుకుంటూ, బడ్జెట్ ఉంటే పాత మంచి వింగ్‌మాస్టర్ వెతుక్కోమనేవాణ్ణి. ఎడమచేతికి మాస్‌బర్గ్ 500, 20 గేజ్. ఖాళీ షెల్స్ కుడివైపుకే పడతాయి, ముఖం ముందు నుంచి పోతుంటే మొదట్లో చిరాకుగా ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే ఎడమచేతి మోడల్ ఆర్డర్ ఇవ్వొచ్చు.

అక్క ఒకటే షరతు పెట్టింది: ముందు సేఫ్ రావాలి, తాళం తన దగ్గరుండాలి, షెల్స్ వేరే గదిలో ఉండాలి. సేఫ్ పోయిన శనివారం వచ్చింది, గరాజ్‌లో గోడకి బోల్టులు కొట్టించారు. బావ 1971 సెప్టెంబర్ 2 తర్వాత పుట్టినవాడు కాబట్టి టెక్సాస్‌లో వేట లైసెన్స్‌కి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. అది ఇంకా సగంలో ఉంది. గన్ షాపులోనే ఉంది.