విద్యుత్ బండికి కంపెనీ పిలుపొస్తే నిర్లక్ష్యం తగదు
* లోపం సరిచేయడం పూర్తిగా ఉచితం
* పాత బండి కొన్నవారికి సమాచారం అందడం కష్టమే

యర్రగొండపాలెం: పెట్రోలు ఖర్చు తప్పుతుందన్న ఆశతో విద్యుత్ స్కూటర్లు, కార్ల వైపు మొగ్గుచూపేవారు గ్రామాల్లోనూ పెరుగుతున్నారు. వాహనంలో తయారీ లోపం బయటపడితే కంపెనీ దానిని వెనక్కి పిలిపించి, రూపాయి తీసుకోకుండా సరిచేయాల్సి ఉంటుందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 'రీకాల్'గా వ్యవహరించే ఈ పిలుపు అందకపోయినా, అందాక పట్టించుకోకపోయినా ప్రాణాల మీదికి వచ్చే ప్రమాదముంది. పెద్ద నగరాల్లోని సర్వీసు కేంద్రాలకు దూరంగా ఉండే యర్రగొండపాలెం, పెద్దదోర్నాల, త్రిపురాంతకం, పుల్లలచెరువు మండలాల వాహనదారులు ఈ విషయంలో మరింత అప్రమత్తంగా ఉండాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లో విషాదం

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఓ వృద్ధుడు మృతిచెందారు. అదే నెల 23న విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించగా, కుటుంబ సభ్యులు గాయపడ్డారు. ఆ బండి కొన్నది అంతకు ముందురోజే కావడం గమనార్హం. దేశంలో పలుచోట్ల స్కూటర్లు దగ్ధమవుతున్న ఆ రోజుల్లోనే ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా ఎలక్ట్రిక్ 1,441 వాహనాలను వెనక్కి పిలిచాయి. అనంతరం కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలను కఠినతరం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి తొలి దశను, 2023 మార్చి 31 నుంచి మలి దశను అమలులోకి తెచ్చింది. అంతకు ముందు తయారైన స్కూటర్‌ను చేతులు మారాక కొనేవారు బ్యాటరీ వివరాలను క్షుణ్ణంగా విచారించుకోవడం మేలు.

కార్లకు సాఫ్ట్‌వేర్ చికిత్స

విద్యుత్ కారులో బ్యాటరీ ఎంతవరకు నిండాలి, మోటారుకు ఎంత విద్యుత్తు అందాలి అన్నది కంప్యూటరే నిర్ణయిస్తుంది. అందుకే కొన్ని లోపాలను విడిభాగం మార్చకుండా సాఫ్ట్‌వేర్ మార్పుతోనే సరిచేస్తారు. 2024 జూన్‌లో హ్యుందాయ్ 1,744 అయానిక్ 5 కార్లను, ఆ మరుసటి నెలలో కియా 1,138 ఈవీ6 కార్లను వెనక్కి పిలిచాయి. కారులోని చిన్న 12 వోల్టుల బ్యాటరీని ఛార్జి చేసే విభాగంలో లోపం తలెత్తితే, ఆ బ్యాటరీ అడుగంటి నడుస్తున్న కారు శక్తి కోల్పోయే అవకాశముంది. పెద్దదోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇలా జరిగితే పరిణామం ఊహించుకోవచ్చు.

ఒకసారి సరిచేయించుకున్నామని నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. 2025 ఫిబ్రవరిలో కియా 1,380 ఈవీ6 కార్లను మళ్లీ పిలిచింది. అమెరికాలో జనరల్ మోటార్స్ బోల్ట్ కార్లకు మంటల భయంతో 2020లో ఛార్జింగ్‌ను 90 శాతానికి పరిమితం చేస్తూ సాఫ్ట్‌వేర్ మార్చారు. అది చాలక 2021లో సుమారు 1.42 లక్షల కార్ల బ్యాటరీ భాగాలను మార్చేందుకు సిద్ధపడాల్సి వచ్చింది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ మేరకు, లోపాలున్న వాహనాలను వెనక్కి పిలవాలని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనలు ఏడేళ్లలోపు వాహనాలకు వర్తిస్తాయి. ఆదేశించి పిలిపించాల్సి వస్తే కంపెనీకి రూ.10 లక్షల నుంచి రూ.కోటి వరకు జరిమానా పడుతుంది. యజమానులు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు.

అయితే గంటకు 25 కిలోమీటర్లకు మించని, 250 వాట్లలోపు మోటారుతో నడిచే స్కూటర్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అవి మోటారు వాహనాల కిందికే రావు కనుక ఈ రీకాల్ నిబంధనలు వాటికి వర్తించవు. రవాణా శాఖ రికార్డుల్లో యజమాని చిరునామా కూడా ఉండదు. ఇలాంటి బండి కొన్నవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి రప్పించే అధికారం ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థకు ఉంది. కాబట్టి బిల్లు, వారంటీ పత్రాలను భద్రపరచుకోవడం తప్పనిసరి.

ఇలా చేయాలి

* పాత బండి కొన్న వెంటనే రిజిస్ట్రేషన్‌ను తమ పేరిట మార్పించుకోవాలి. రవాణా శాఖ వద్ద, కంపెనీ వద్ద ఫోన్ నంబరు నమోదు చేయించాలి. లేకుంటే పిలుపు పాత యజమానికే వెళుతుంది.
* చాసిస్ నంబరు చెప్పి, తమ వాహనం రీకాల్ జాబితాలో ఉందో లేదో సర్వీసు కేంద్రంలో అడగాలి.
* సాఫ్ట్‌వేర్ మార్చిన తేదీతో జాబ్ కార్డు రాయించుకోవాలి.
* పడకగదిలో, గడప దారికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టరాదు. రాత్రంతా వదిలేయరాదు. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీ చల్లబడ్డాకే ప్లగ్ పెట్టాలి.
* రీకాల్ పనికి డబ్బు అడిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.