ద్విమితీయ కృష్ణబిలాలు: క్వాంటం సవరణలు, ఎంట్రోపీ లెక్క

ఉపోద్ఘాతం:
కృష్ణబిలాలు ఉష్ణ వికిరణాన్ని వెలువరిస్తాయని 1974లో హాకింగ్ చూపారు. ఆ వికిరణం కృష్ణబిలాన్నే ఎలా మారుస్తుందో నాలుగు మితులలో సంపూర్ణంగా గణించడం దుస్సాధ్యం. అందుకే ఒక కాలమితి, ఒక స్థలమితి మాత్రమే గల నమూనాలు అవసరమయ్యాయి. వాటి ద్వారా తేలిన ఒక ముఖ్య ఫలితాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

నమూనా:
రెండు మితులలో ఐన్‌స్టైన్ టెన్సర్ ఎల్లప్పుడూ శూన్యమే. కనుక డైలటాన్ అనే అదిశ క్షేత్రాన్ని చేర్చితేగాని గురుత్వానికి గతి ఏర్పడదు. 1991లో విటెన్, అలాగే ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన మండల్, సేన్‌గుప్తా, వాడియాలు స్ట్రింగ్ సిద్ధాంతంలో ఇటువంటి కృష్ణబిలాన్ని గుర్తించారు. 1992లో కల్లన్, గిడ్డింగ్స్, హార్వే, స్ట్రామింజర్‌లు ఈ తరహా నమూనాకు ద్రవ్యరాశి లేని పదార్థ క్షేత్రాలను జోడించారు. ఇందులో ఉష్ణోగ్రత ద్రవ్యరాశిపై ఆధారపడదు.

క్వాంటం సవరణ:
సంప్రదాయ సిద్ధాంతంలో ఈ క్షేత్రాల శక్తి-ద్రవ్యవేగ టెన్సర్ ట్రేస్ శూన్యం. క్వాంటం గణనలో అది వక్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. దీనికి శక్తి నిత్యత్వాన్ని కలిపితే వికిరణ ప్రవాహం లభిస్తుంది. నేపథ్యం మారదనుకుంటే ఆ ప్రవాహం అనంతకాలం సాగి, కృష్ణబిలంలో ఉన్న శక్తినే మించిపోతుంది. ఈ అసంబద్ధతను తొలగించాలంటే సవరణను గురుత్వ సమీకరణాలలోనే చేర్చాలి. 1992లోనే రూసో, సస్కిండ్, తోర్లాషియస్‌లు మరొక పదాన్ని చేర్చి, వాటికి కచ్చితమైన పరిష్కారం సాధించారు.

ఎంట్రోపీ లెక్క:
ఉష్ణోగ్రత స్థిరం కనుక, సహజ ప్రమాణాలలో కృష్ణబిల ఎంట్రోపీ ద్రవ్యరాశిని ఉష్ణోగ్రతతో భాగించగా వచ్చేంత. ఏకదిశా వికిరణంలోనైతే అదే శక్తికి దానికి రెండింతల ఎంట్రోపీ ఉంటుంది. అంటే ద్రవ్యరాశిలో మూడో వంతు వెలువడేసరికి వికిరణ ఎంట్రోపీ, మిగిలిన కృష్ణబిల ఎంట్రోపీతో సమానమవుతుంది. సమాచారం నశించకపోతే వికిరణ ఎంట్రోపీ అక్కడినుంచి తగ్గాలి. హాకింగ్ గణనలో మాత్రం అది చివరివరకూ పెరుగుతూనే పోతుంది.

ముగింపు:
కృష్ణబిలం లోపలి కొంత ప్రాంతాన్ని వికిరణంలో భాగంగా లెక్కించే 'ద్వీప' సూత్రాన్ని 2020లో ఈ నమూనాకు అన్వయించగా, ఆయుష్షులో మూడో వంతు గడిచాక ఎంట్రోపీ తగ్గుముఖం పట్టింది. అయితే ఈ సూత్రం ఎంట్రోపీ ఎంతో చెబుతుంది. సమాచారం ఏ విధంగా వెలికి వస్తుందో చెప్పదు. పైగా రెండు మితులలో గురుత్వ తరంగాలు ఉండవు. ఈ ఫలితాన్ని నాలుగు మితులకు అన్వయించేటప్పుడు ఈ రెండు పరిమితులనూ విస్మరించరాదు.