శిమిలిగుడ: 996.32 మీటర్ల ఎత్తులో ఒక చిన్న స్టేషన్

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే బండి అరకు చేరబోతుండగా శిమిలిగుడ అనే చిన్న స్టేషన్ తగులుతుంది. సముద్ర మట్టానికి 996.32 మీటర్ల ఎత్తు. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదన్న పేరు దీనికి నలభై ఏళ్లకు పైగా ఉండేది. ఒడిశాలో కోరాపుట్ దగ్గరున్న సెమిలిగుడ పట్టణం వేరు. ఇది మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోది.

ఊటీ, డార్జిలింగ్ రైళ్లు ఎక్కినవారికి ఇక్కడ సందేహం రావాలి. డార్జిలింగ్ దారిలోని ఘుమ్ 2,258 మీటర్ల ఎత్తులో ఉంది, ఊటీ 2,200 మీటర్ల పైమాటే. కానీ డార్జిలింగ్ పట్టాల మధ్య వెడల్పు 610 మిల్లీమీటర్లు, ఊటీ పట్టాల మధ్య 1,000. అవి తేలికపాటి బండ్లు నడిచే దారులు. శిమిలిగుడ పట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, అంటే వేల టన్నుల గూడ్సు బండ్లు నడిచే దారి. అంత బరువును అంత ఎత్తుకు ఎక్కించి దించడమే ఇక్కడి గొప్ప. 2008 అక్టోబరులో కశ్మీర్ లోయలో రైలు మొదలయ్యాక ఆ రికార్డు అటు వెళ్లిపోయింది. అక్కడి ఖాజీగుండ్ 1,700 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది.

అయినా నా దృష్టిలో ఈ స్టేషన్ కథలో అసలు అంకె 996.32 కాదు. 40 లక్షలు.

1960లో భారత్, జపాన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధం తర్వాత మళ్లీ నిలదొక్కుకుంటున్న జపాన్ ఉక్కు కర్మాగారాలకు మన దేశం ఏటా 60 లక్షల టన్నుల ఇనుప ఖనిజం ఇవ్వాలి. అందులో 40 లక్షల టన్నులు బస్తర్‌లోని బైలదిల్లా కొండల నుంచి, మిగతాది కిరిబురు నుంచి. బైలదిల్లా ఖనిజం ఓడ ఎక్కాలంటే విశాఖ రేవుకు రావాలి. మధ్యలో తూర్పు కనుమలు అడ్డం. అందుకే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 446 కిలోమీటర్ల పట్టా వేశారు. జనం నోట అది కేకే లైను. 1960ల రెండో సగంలో లైను సిద్ధమైంది, 1968లో బైలదిల్లా గని పని మొదలైంది.

ఏడాదికి 40 లక్షల టన్నులంటే రోజుకు దాదాపు 11 వేల టన్నులు. ఇప్పుడు మామూలుగా కనిపించే 58 వ్యాగన్ల గూడ్సుతో లెక్క వేసుకుందాం. వ్యాగన్‌కు 58 టన్నుల చొప్పున, ఒక బండిలో సుమారు 3,400 టన్నుల ఖనిజం పడుతుంది. అంటే రోజూ మూడుకు పైగా నిండు బండ్లు దిగాలి, అన్నే ఖాళీ బండ్లు తిరిగి కొండెక్కాలి. వేసిందేమో ఒకే లైను. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లలో ఒకటి ఎక్కడో ఒకచోట పక్క లైనులోకి తప్పుకోవాలి. రైల్వే భాషలో దాన్నే క్రాసింగ్ అంటారు. ఈ మారుమూల కొండల్లో కొన్ని కిలోమీటర్లకొక స్టేషన్ ఉండడానికి మొదటి కారణం ఇదే. చుట్టుపక్కల ఊళ్ల జనాభా ఆ లెక్కలోకి రాలేదు.

స్టేషన్ ఎక్కడ పడితే అక్కడ కట్టలేరు కూడా. ఒక్కో వ్యాగన్ పొడవు సుమారు 10.7 మీటర్లు. 58 వ్యాగన్లకు 620 మీటర్లు, ఇంజన్లు కలిపితే 650 దాటుతుంది. అంత బండి నిలబడే చోట నేల దాదాపు చదునుగా ఉండాలి. స్టేషన్ యార్డులో 400 మీటర్లకు ఒక మీటరుకు మించిన వాలు ఉండకూడదన్నది రైల్వే నిబంధన. లేదంటే నిలిపిన బండి దానంతటదే జారుతుంది. నిటారు కొండల మధ్య అంత చదును నేల దొరకడమే గగనం, దొరక్కపోతే తొలిచి చేయాలి.

స్టేషన్ల మధ్య దారిదీ లెక్కే. 60 మీటర్లు నడిచి ఒక మీటరు ఎక్కే వాలు అనుకుంటే, 900 మీటర్ల ఎత్తు చేరడానికి 54 కిలోమీటర్లు కావాలి. అంత దూరం తిన్నగా పోయే చోటు కొండల్లో ఉండదు. పట్టా మెలికలు తిరుగుతూ, కొండ అడ్డొస్తే దూరుతూ, వాగు అడ్డొస్తే దాటుతూ పోవాలి. ఈ మార్గంలో 58 సొరంగాలు, 80కి పైగా పెద్ద వంతెనలు అలా వచ్చినవే. జేసీబీలు ఊరూరా లేని కాలంలో వాటిని తొలిచి కట్టిన కూలీల పేర్లు ఏ బోర్డు మీదా లేవు. వాళ్లకు దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదనే నా బాధ.

నిండు బండికి శిమిలిగుడ దాకా ఎక్కడం ఒక పరీక్ష, అక్కడి నుంచి మైదానం దాకా దిగడం అంతకంటే పెద్ద పరీక్ష. అక్కడ ఇంజన్ లాగే శక్తి కన్నా బ్రేకు పట్టే శక్తి ముఖ్యం. 1980–82 మధ్య ఈ లైనుకు కరెంటు వచ్చింది. 1988లో జపాన్‌లోని హిటాచీ నుంచి 12 భారీ విద్యుత్ ఇంజన్లు తెప్పించి విశాఖ షెడ్డులో పెట్టారు. ఖనిజం కొనుక్కున్న దేశమే దాన్ని దింపే ఇంజన్లనూ అమ్మింది.

ఇన్ని ఖనిజం బండ్ల మధ్య, పగటిపూట కిరండూల్ వెళ్లే బండి ఒకటి, తిరిగి వచ్చేది ఒకటి. జనం బండి పక్క లైనులో ఆగి గూడ్సుకు దారివ్వడం ఈ దారిలో మామూలే. అయినా గిరిజన కుటుంబాలకు ఆ ఒక్క బండి విలువ ఎక్కువ. సంతకు చింతపండు, అల్లం, పసుపు మోసుకుపోవాలన్నా, రోగిని పెద్దాసుపత్రికి తీసుకుపోవాలన్నా ఘాట్ రోడ్డు మీద జీపు కిరాయితో పోలిస్తే రైలు టికెట్టు ఎంతో చవక. 2017 ఏప్రిల్ 16న ఈ మార్గంలో దేశంలోనే తొలి అద్దాల పెట్టె, విస్టాడోమ్, వచ్చింది. 40 సీట్లు, ఖర్చు 3.38 కోట్ల రూపాయలు. పర్యాటకుల లెక్కలు అప్పటి నుంచి వార్తల్లోకి ఎక్కాయి. మూటలతో ఎక్కేవారి లెక్క మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇప్పుడు ఆ లెక్క అవసరం పడింది. కొత్తవలస–కోరాపుట్ మధ్య 189 కిలోమీటర్ల రెండో లైను పని సాగుతోంది. రెండు లైన్లూ పూర్తయితే ఎదురు బండి కోసం ఆగే అవసరం చాలావరకు పోతుంది. ఇలాంటి స్టేషన్లు పుట్టడానికి ఉన్న సాంకేతిక కారణం బలహీనపడుతుంది. మరోపక్క 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన రైల్వే డివిజన్ విభజన ప్రకారం కేకే లైను రాయగడ డివిజన్‌కు వెళ్తుంది, విశాఖ కేంద్రమైన కొత్త రైల్వే జోన్‌లో ఉండదు. శిమిలిగుడలో బండి ఆగాలా, ఎంతసేపు ఆగాలి అన్న మాట ఇకపై రాయగడలో తేలుతుంది. అక్కడికి పంపే కాగితాల్లో టన్నుల పక్కన, సీట్ల పక్కన, శిమిలిగుడ, కరకవలస, చిమిడిపల్లి, త్యాడ స్టేషన్లలో రోజూ ఎంతమంది ఎక్కి దిగుతున్నారో కూడా రాసి పంపాలి.