గిరాకీ తగ్గిన వేళ ఏ యంత్రం ఆగాలి?

కారంచేడుకు కరెంటు ఇచ్చే సంస్థ 2020 ఏప్రిల్ 1న మారింది. అప్పటిదాకా తిరుపతి కేంద్రంగా పనిచేసే ఎస్పీడీసీఎల్ పరిధిలో ఉన్న కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలను విడదీసి, విజయవాడ కేంద్రంగా ఏర్పాటు చేసిన ఏపీసీపీడీసీఎల్ ఆ రోజు నుంచి పంపిణీ బాధ్యత చేపట్టింది. అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడు 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలోకి వచ్చినా, బిల్లు మీద మాత్రం ఆ సంస్థ పేరే కొనసాగుతోంది. కొత్త సంస్థ పని మొదలుపెట్టేనాటికి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చి వారమైంది. ఫ్యాక్టరీలు, దుకాణాలు, ప్రయాణికుల రైళ్లు నిలిచిపోవడంతో ఆ ఏప్రిల్‌లో దేశ విద్యుత్ వినియోగం అంతకు ముందటి ఏప్రిల్‌తో పోలిస్తే ఐదో వంతుకు పైగా పడిపోయింది. ఎవరూ కోరుకోని ఆ స్థితి, మామూలు రోజుల్లో కంటికి కనిపించని ఒక ప్రశ్నను ముందుకు తెచ్చింది: గిరాకీ తగ్గినప్పుడు ఏ విద్యుత్ కేంద్రాన్ని ఆపాలి, దేన్ని నడవనివ్వాలి? బొగ్గు నుంచి సూర్యుడికి, గాలికి, నీటికి మళ్లే ప్రయాణం ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే ఎన్ని మెగావాట్ల సౌరఫలకాలు పరిచారన్నది కాక, ఈ ప్రశ్నకు దొరికే జవాబు చూడాలి.

ధాన్యంలాగా గాదెలో పోసి ఉంచుకునే సరుకు కాదు విద్యుత్తు. ఏ క్షణంలో ఎంత వాడకం ఉంటే ఆ క్షణంలో అంతే ఉత్పత్తి జరగాలి; తేడా వస్తే, సెకనుకు 50 ఆవృత్తాల దగ్గర నిలవవలసిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పైకో కిందికో జారి, హద్దు దాటితే యంత్రాలు వాటంతటవే విడిపోతాయి. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు ప్రజలంతా 9 నిమిషాలపాటు దీపాలు ఆర్పాలని ప్రధానమంత్రి పిలుపునిచ్చినప్పుడు, గ్రిడ్ నిర్వాహకులు 12 నుంచి 14 వేల మెగావాట్ల తగ్గుదలను అంచనా వేశారు. వాస్తవంలో తగ్గినది 31 వేల మెగావాట్లకు పైగా. థర్మల్ కేంద్రాలను ముందే తగ్గించి ఉంచి, జలవిద్యుత్ కేంద్రాలను తొమ్మిదింటికి కాస్త ముందు పూర్తిగా నడిపి, దీపాలు ఆరుతున్న కొద్దీ వాటి గేట్లు మూసుకుంటూ వచ్చి, వెలుగుతున్న కొద్దీ మళ్లీ తెరవడం వల్ల ఆ రాత్రి దేశం చీకటిలో పడలేదు. కొద్ది నిమిషాల్లో పెరిగి, అంత త్వరగానూ తగ్గగల గుణం నీటి యంత్రానికి ఉంది. బొగ్గు యంత్రానికి లేదు.

బొగ్గు బాయిలరు స్వభావం తెలిస్తే ఈ తేడా బోధపడుతుంది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో ఒడిశాలోని తాల్చేరు నుంచి, సింగరేణి నుంచి వచ్చే బొగ్గును పిండిలా నూరి, గాలితో కలిపి కొలిమిలోకి ఊది మండిస్తారు. ఒక్కో ఉత్పత్తి యూనిట్‌ను దాని సామర్థ్యంలో దాదాపు 55 శాతం కంటే దిగువకు తగ్గిస్తే మంట నిలకడ తప్పుతుంది, నిలపడానికి ఖరీదైన నూనె పోయవలసి వస్తుంది. పూర్తిగా ఆపి చల్లార్చిన యూనిట్‌ను తిరిగి వెలిగించి గ్రిడ్‌కు కలపడానికి గంటల తరబడి సమయం పడుతుంది. ఆ కారణంగా మధ్యాహ్నం సౌరవిద్యుత్తు పుష్కలంగా ఉన్నా, సాయంత్రం అవసరం కోసం బొగ్గు యూనిట్లు సగం మంటతో నడుస్తూనే ఉంటాయి. బొగ్గుతో తయారయ్యే ప్రతి యూనిట్ విద్యుత్తుకు దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది కాబట్టి, ఆ సగం మంట చిన్న విషయం కాదు.

గిరాకీ తగ్గినప్పుడు పంపిణీ సంస్థ పాటించవలసిన వరుస ఒకటి ఉంది. దాన్నే మెరిట్ ఆర్డర్ అంటారు: యూనిట్‌కు ఇంధన ఖర్చు ఎక్కువైన కేంద్రాన్ని ముందుగా తగ్గించాలి. సౌర, పవన కేంద్రాలకు ఇంధన ఖర్చే ఉండదు కాబట్టి వాటిని ఆ వరుసలో పెట్టకుండా, తప్పనిసరిగా నడవనివ్వవలసినవిగా గుర్తించారు. లాక్‌డౌన్ కాలంలో కేంద్ర ప్రభుత్వం ఈ హోదాను మళ్లీ స్పష్టం చేసింది. 2021 అక్టోబరులో, గ్రిడ్‌లో సాంకేతిక ఇబ్బంది, గ్రిడ్ భద్రత మినహా మరే కారణంతో ఆపినా నష్టపరిహారం చెల్లించాలని నియమాలు తెచ్చింది. అయితే 2020లో విద్యుత్ ఎక్స్‌ఛేంజీలో యూనిట్ సగటు ధర రెండున్నర రూపాయల దాపుకు పడిపోయినప్పుడు, రాష్ట్ర పంపిణీ సంస్థలు ఆ చవక విద్యుత్తు కొని, ఇంధన ఖర్చు అంతకంటే ఎక్కువయ్యే రాష్ట్రంలోని థర్మల్ యూనిట్లను పక్కన పెట్టాయి. డబ్బు లెక్కలో అది మంచి నిర్ణయమే. కానీ ఎక్స్‌ఛేంజీలో దొరికిన విద్యుత్తులో అధికభాగం మరో రాష్ట్రంలో మండిన బొగ్గుదే కాబట్టి, చవకగా కొనడం వేరు, కర్బనం తగ్గించడం వేరు అన్న సంగతి మరువకూడదు.

ఆపివేసిన కేంద్రానికి కూడా డబ్బు కట్టాలన్నది సామాన్య వినియోగదారుడికి ఆశ్చర్యం కలిగించే విషయం. థర్మల్ కేంద్రాలతో 25 ఏళ్ల కాలానికి కుదిరే విద్యుత్ కొనుగోలు ఒప్పందాల్లో, వాడుకలో వీటినే పీపీఏలంటారు, ధర రెండు భాగాలుగా ఉంటుంది. అప్పు, వడ్డీ, జీతాలు, పెట్టుబడి మీద రాబడి కలిసినది స్థిర వ్యయం. మండించిన బొగ్గుకు అయ్యేది చర వ్యయం. కేంద్రం సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకోకపోయినా స్థిర వ్యయం చెల్లించవలసిందే. ఇంటికి తాళం వేసి ఊరికి వెళ్లినా అద్దె తప్పనట్టు. గిరాకీ పెరుగుతుందన్న అంచనాతో ఒప్పందాలు ఎక్కువగా కుదుర్చుకుని, ఆ గిరాకీ రానప్పుడు ఈ భారం టారిఫ్ ద్వారా చివరికి కారంచేడులోని ఇంటి మీటరు దాకా వస్తుంది.

పవన విద్యుత్తు విషయంలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన వివాదానికి మూలం కూడా ఇలాంటి దీర్ఘకాల ఒప్పందాల్లోనే ఉంది. 2014 తరువాతి సంవత్సరాల్లో యూనిట్‌కు 4.80 రూపాయలకు పైబడిన ధరతో రాయలసీమలోని గాలిమరలతో ఒప్పందాలు కుదిరాయి. ఆ తరువాత వేలంలో ధరలు మూడు రూపాయల లోపుకు దిగాయి. 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం జీవో 63 ద్వారా పాత ఒప్పందాల ధరలను తిరిగి చర్చించడానికి కమిటీ వేసింది. ఉత్పత్తిదారులు హైకోర్టుకు వెళ్లగా, తుది నిర్ణయం వచ్చేదాకా పవన విద్యుత్తుకు 2.43, సౌరవిద్యుత్తుకు 2.44 రూపాయల చొప్పున చెల్లించాలని కోర్టు మధ్యంతర ఏర్పాటు చేసింది. 2022 మార్చి 15న ధర్మాసనం ఒప్పందం ప్రకారమే బకాయిలు చెల్లించాలని తీర్పునిచ్చింది. అధిక ధర గురించిన ఆవేదన న్యాయమైనదే అయినా, కుదిరిన ఒప్పందాన్ని మధ్యలో తిరగదోడడం వల్ల కొత్త పెట్టుబడి వెనకాడుతుంది, కోర్టులో నలిగిన దాదాపు మూడేళ్లూ ఎవరికీ ఉపయోగపడలేదు.

గిరాకీ అంచనా ఎంత చంచలమైనదో ఆ తీర్పు వెలువడిన నెల లోపే రుజువైంది. మిగులు రాష్ట్రమని చెప్పుకున్నచోటే, 2022 ఏప్రిల్‌లో ఎండలు, బొగ్గు కొరత కలిసి వచ్చి, పరిశ్రమలకు వారానికి ఒక రోజు పవర్ హాలిడే ప్రకటించవలసి వచ్చింది. సంవత్సరం మొత్తం లెక్కలో మిగులు, సాయంత్రపు లెక్కలో కొరత ఏకకాలంలో ఉండగలవు. వానాకాలంలో పరిస్థితి తిరగబడుతుంది: నైరుతి గాలులకు గాలిమరలు జోరుగా తిరుగుతాయి, వరద వచ్చిన ఏడాది శ్రీశైలం యంత్రాలు నడుస్తాయి, వాన పడిన చోట బోరు మోటార్ల అవసరం తగ్గుతుంది. కర్బనం తక్కువగా ఉండే విద్యుత్తు అత్యధికంగా దొరికేదీ, దాన్ని తీసుకునేవారు తక్కువగా ఉండేదీ ఆ నెలల్లోనే.

అందువల్ల వాడకాన్ని ఉత్పత్తి ఉన్న వేళకు జరపడం, ఉత్పత్తిని వాడకం ఉన్న వేళకు దాచడం అనే రెండు మార్గాలే మిగులుతాయి. మొదటిదానికి వ్యవసాయమే మంచి ఉదాహరణ. ఒకప్పుడు అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం రైతు చీకట్లో గట్టు మీద నడిచి స్టార్టరు నొక్కవలసి వచ్చేది. పాముకాటుకు, షాకుకు పోయిన ప్రాణాలు పల్లెల్లో ఎవరూ మరువలేదు. వ్యవసాయ ఫీడర్లను వేరుచేసి పగటిపూట 9 గంటలు ఇచ్చే విధానం, సౌరవిద్యుత్తు దొరికే వేళతో సరిగ్గా కుదురుతుంది. రాష్ట్రంలోని సుమారు 18 లక్షల వ్యవసాయ కనెక్షన్లు ఈ విధంగా సూర్యుడికి తోడయ్యాయి.

తీరంలోని రొయ్యల చెరువుల లెక్క ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. చీరాల నుంచి బాపట్ల, నిజాంపట్నం, రేపల్లె దాకా ఉన్న చెరువుల్లో పగలు నాచు ప్రాణవాయువును విడుస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు కనిష్ఠానికి చేరి, రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. అప్పుడు ఏరేటర్లు ఆగితే కొద్ది గంటల్లోనే పంట మొత్తం పోతుంది. ఈ అవసరాన్ని పగటికి జరపమనడం కుదరదు, దానికి నిల్వ కావాలి. మిగులు వేళ నీటిని పై జలాశయానికి తోడి, అవసరమైనప్పుడు వదిలి యంత్రాలు తిప్పే పంప్‌డ్ స్టోరేజీ అలాంటిది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఇందుకోసం చేపట్టినదే. ఎగువ సీలేరులో రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కో తలపెట్టిన 1,350 మెగావాట్ల పథకం కూడా అదే తరహాది. 2024 అక్టోబరులో ప్రకటించిన రాష్ట్ర సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్లకు పైబడిన లక్ష్యం పెట్టుకుంది. అందులో నిల్వ వాటా వెనకబడితే తక్కిన సామర్థ్యమంతా మధ్యాహ్నం వృథాగా పోయే ప్రమాదం ఉంది.

ఇంటి పైకప్పు మీద ఫలకాలు పెట్టుకునేవారికి 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తోంది. ఇది మేలైన పథకమే, కానీ ఎక్కువ బిల్లు కట్టే ఇళ్లే ముందుగా గ్రిడ్ వాడకం తగ్గించుకుంటే, పంపిణీ సంస్థకు ఆదాయం తగ్గి, పైన చెప్పిన స్థిర వ్యయం డాబా లేని పేద ఇళ్ల మీద పడుతుంది. షెడ్యూల్డ్ కులాల, తెగల ఇళ్లకు ఉచితంగా ఫలకాలు బిగించే కార్యక్రమం ఈ అన్యాయాన్ని కొంత సరిదిద్దగలదు. దాన్ని ముందు వరుసలో పెట్టి పూర్తిచేయాలి.

ఈ ఒప్పందాలు, ఖర్చులు, అంచనాలు అన్నీ పంపిణీ సంస్థలు ఏటా నవంబరు చివరికల్లా రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పిస్తాయి, వాటిపై మండలి బహిరంగ విచారణ జరిపి ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే టారిఫ్‌ను నిర్ణయిస్తుంది. వచ్చే ఏడాది ఎంత విద్యుత్తు అవసరమని అంచనా వేశారు, ఎన్ని థర్మల్ యూనిట్లకు పనిచేయకుండానే స్థిర వ్యయం చెల్లించబోతున్నారు అన్న రెండు అంకెలు ఆ పత్రాల్లోనే ఉంటాయి. ఏ వినియోగదారుడైనా వాటిని చదివి తన అభ్యంతరం రాసి పంపవచ్చు. కారంచేడు రైతులు, రేపల్లె ఆక్వా సాగుదారులు ఈసారి ఆ పని చేయాలి.