మీకు తెలుసా? వీధికీ షుగరుకీ చుట్టరికం!

ఇల్లు మారితే షుగర్ ముప్పు తగ్గుతుందంటే నమ్ముతారా? 1990లలో అమెరికా ప్రభుత్వం పేదవాడల్లోని 4,604 కుటుంబాలను పిలిచి లాటరీ తీసింది. చీటీ తగిలినవాళ్లలో కొందరికి, కాస్త కలిగిన పేటలోకి మారితేనే అద్దె సాయం. అంతే! మందు ఇవ్వలేదు. డైట్ చెప్పలేదు. జిమ్‌కు పొమ్మనలేదు. పది పదిహేనేళ్లయ్యాక వెళ్లి ఆడవాళ్ల రక్తం పరీక్షించారు. ఆ అవకాశం దక్కినవాళ్లలో షుగరూ తక్కువే, మరీ మితిమీరిన ఊబకాయమూ తక్కువే! ఎందుకలా? పరిశోధకులకే పూర్తిగా అంతుపట్టలేదు. మనమేం చెబుతాం!

గ్లాస్గోలో కాల్టన్ అని ఓ పేట. ఆ ఊరి శివార్లలోనే లెంజీ. కాల్టన్ మగవాళ్లకంటే లెంజీ మగవాళ్ల సగటు ఆయుష్షు ఎంత ఎక్కువో చెప్పుకోండి చూద్దాం! 28 ఏళ్లు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో బయటపెట్టిన లెక్క ఇది. దూరమా? కొద్ది మైళ్లే!

టోల్‌గేటు దగ్గర బండి ఆగకపోతే ఎవరికి లాభం? డ్రైవరుకా? కాదు, పక్కవీధిలోని గర్భిణికి! మన ఫాస్టాగ్ లాంటిదే అమెరికాలో ఈజీపాస్. అది వచ్చాక టోల్‌గేట్ల చుట్టుపక్కల నెలలు నిండకుండా పుట్టే బిడ్డలు దాదాపు 11 శాతం తగ్గారు! ఆగిన బండ్ల పొగ పోయింది మరి.

ఓ చిన్న పచ్చ పురుగు అమెరికాలో యాష్ చెట్ల మీద పడింది. చెట్లు కోట్లలో ఎండిపోయాయి. పురుగు పాకిన 15 రాష్ట్రాల్లో గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు చావులు లెక్కేశారు. మామూలుకంటే 21 వేలకు పైగా ఎక్కువ! తిన్నది చెట్లను, పోయింది మనుషులు!

మరి చెట్లు ఎక్కువుంటే? టొరంటోలో ఆ లెక్కా తేల్చారు. వీధిలో పది చెట్లు ఎక్కువుంటే చాలు, వయసులో 7 ఏళ్లు తగ్గినంత ఆరోగ్యంగా ఉన్నామని అక్కడి జనానికి అనిపిస్తోందట! ఇక జుట్టుకు రంగు దండగే!

మీ వీధిలో ఖాళీ ప్లాటుందా? పాలిథిన్ కవర్లు, పగిలిన సీసాలు, పిచ్చిమొక్కలు, మధ్యలో ఓ తెగిన చెప్పు? ఫిలడెల్ఫియాలో అలాంటివి కొన్నింట్లో చెత్త ఎత్తేశారు. గడ్డి పరిచారు. నాలుగు చెట్లు నాటి, చుట్టూ చిన్న కర్ర కంచె కట్టారు. ఆ దాపున ఉన్నవాళ్లలో 'దిగులుగా ఉంది' అనే మాట 41 శాతం తగ్గింది! మన మున్సిపాలిటీలవారూ, వింటున్నారా?

ఇది ఒంటి సంగతి కాదు, బుర్ర సంగతి. అయినా చెప్పకుండా ఉండలేను! న్యూయార్క్‌లో ఓ బడి. ఒకవైపు గదుల పక్కనే రైలు పట్టాలు. మాటిమాటికీ రైలు. అది వచ్చిందంటే టీచరు నోరు కట్టేసుకోవాల్సిందే! 1975లో చూస్తే, ఆ వైపు ఆరో తరగతి పిల్లలు చదవడంలో అవతలి వైపు పిల్లలకంటే దాదాపు 1 ఏడాది వెనకబడి ఉన్నారు! ఒకే బడి, అవే పుస్తకాలు! తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు. గదుల పైకప్పుకు చప్పుడు పీల్చే పలకలు బిగించారు. వెనకబాటు మాయం!

1995లో చికాగోలో వడగాడ్పులు. పక్కపక్కనే రెండు పేటలు, నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్. రెండూ పేదవే. రెండింట్లోనూ ఒంటరి ముసలివాళ్లున్నారు. కానీ నార్త్‌లో చావుల రేటు 10 రెట్లు! సౌత్‌లో ఏముంది? దుకాణాలు, జనం, సందడి. ఇంట్లో ఉడికిపోయే ముసలమ్మ ధైర్యంగా గడప దాటగలిగే వీధి!

వీధే కాదు, అంతస్తూ లెక్కే! అహ్మదాబాద్‌లో ఓ ఆస్పత్రి. పురిటివార్డు పై అంతస్తులో, సరిగ్గా కాలే డాబా కింద. దాన్ని కిందికి దించారు. ఎండదెబ్బతో ఐసీయూలో చేరే పసికందులు 64 శాతం తగ్గారు!

మన నెల్లూరూ ఈ కథలో ఉంది. ఫ్లోరోసిస్ మీద దేశంలోనే తొలి వైద్య నివేదిక 1937లో ఆ జిల్లా నుంచే వెళ్లింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి దాటితే గారపళ్లు, వంగిన ఎముకలు! ఈ ఊరి బావిలో విషం, పక్క ఊరి బావిలో అమృతం!

లండన్‌లో 1854 నాటి గుట్టు ఇంకోటి! బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లు తాగి వందలమంది కలరాతో పోయారు. అదే వీధిలో బీరు తయారుచేసే చోట 70 మందికి పైగా కూలీలు. ఒక్కరూ చావలేదు! ఎలా? వాళ్లకు రోజూ బీరు ఉచితం, పంపు జోలికే పోలేదు! ఈ కూపీ లాగిన డాక్టరు జాన్ స్నో. ఇప్పుడు ఆ వీధిలో ఆయన పేరుతో ఓ బారు నడుస్తోంది. అన్నట్టు, స్నో గారు చాలాకాలం మందు చుక్క ముట్టని మనిషి!