యోబు ప్రశ్న – లేవీ వ్యాఖ్య

ధర్మమార్గం వీడని మనిషికి కష్టాలెందుకు కలుగుతాయి? తెలుగువారికి ఈ ప్రశ్న హరిశ్చంద్రుని కథలో ఎదురవుతుంది. వరదలకూ తుపానులకూ ఓర్చి బతికే కొల్లేటికోట వంటి లంక గ్రామాలలో ఇది అనుభవం నుండి పుట్టే ప్రశ్న. యూదుల పవిత్ర గ్రంథాలలో దీనిని సూటిగా లేవనెత్తినది యోబు గ్రంథం.

యోబు నీతిమంతుడు. అయినా పశుసంపదను, బిడ్డలను, చివరకు ఆరోగ్యాన్ని కోల్పోతాడు. ఓదార్చవచ్చిన మిత్రులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు పాపం లేనిదే శిక్ష ఉండదని వాదిస్తారు. యోబు అంగీకరించడు. పిమ్మట ఎలీహు అనే యువకుడు వాదంలో ప్రవేశిస్తాడు.

ఈ గ్రంథానికి 1325లో హీబ్రూ భాషలో వ్యాఖ్య రచించినవాడు లేవీ బెన్ గెర్షోము (1288–1344). ఆయన దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్సు ప్రాంతీయుడు. గణిత, ఖగోళ శాస్త్రాలలో దిట్ట. నక్షత్రాల మధ్య కోణాన్ని కొలిచే ‘యాకోబు దండం’ అనే సాధనాన్ని ఆయన వర్ణించాడు.

లేవీ వ్యాఖ్యా పద్ధతి క్రమబద్ధమైనది. మొదట కఠిన పదాలకు అర్థం, తరువాత ప్రసంగ తాత్పర్యం, ఆపైన వాదసారం చెబుతాడు. ప్రతిపదార్థ తాత్పర్యాలతో పద్యం చదివే తెలుగు విద్యార్థికి ఈ పద్ధతి కొత్త కాదు. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి మెదక్ ప్రాంతపు కొల్చారం వాడే.

లేవీ దృష్టిలో యోబు గ్రంథం ఒక తత్త్వచర్చ. అందులో ఒక్కొక్కరిది ఒక్కొక్క సిద్ధాంతం. దేవుడు మనుషులను ఒక్కొక్కరిగా పట్టించుకోడనే అరిస్టాటిల్ మతం యోబు మాటల్లో ఆయనకు వినిపించింది. దానిని ఆయన అంగీకరించలేదు. ఎలీహు పక్షాన నిలిచాడు. అయినా యోబు సందేహాన్ని నేరంగా తోసివేయక, పూర్వపక్షంగా నిలిపి, తర్కంతో సమాధానం వెదికాడు.

నూట యాభై ఏళ్లు చేతివ్రాతలో నిలిచిన ఈ వ్యాఖ్యను 1477లో ఇటలీలోని ఫెర్రారా నగరంలో అబ్రహాం బెన్ హయ్యీం అచ్చు వేశాడు. తేదీ తెలిసిన తొలి హీబ్రూ అచ్చు పుస్తకం 1475 నాటిది. అంటే హీబ్రూ ముద్రణ అప్పటికి పసిప్రాయంలో ఉంది. అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చి, చేతిమరపై అచ్చొత్తవలసిన కాలమది. అంత శ్రమకోర్చి తొలి సంవత్సరాలలోనే ఇటువంటి గ్రంథాన్ని ఎన్నుకోవడం గమనింపదగినది. ఆ ముద్రణ ప్రతులు నేడు అరుదు. కష్టంలో ఉన్నవానిని నిందించక ముందుగా అతని ప్రశ్నను వినాలన్నదే అవి మనకందించే పాఠం.