ఒకబిడ్డ తల్లి, వేయిబిడ్డల తల్లి

తిరుపతి, చిత్తూరు సీమలలో మన మంతగా గమనింపని రెండు ప్రాణులు కలవు. రెండును రాత్రివేళ పురుగులను పట్టి తినునవే. ఒకటి తలకోన మొదలగు శేషాచలపు టడవులలో చెట్లపై దిరుగు దేవాంగపిల్లి. రెండవది తొలివాన పడగానే కుంటలలో బెకబెకలాడు బోదురుకప్ప.

పేరునకు పిల్లియేగాని దేవాంగము పిల్లిజాతి కాదు. కోతులకు దూరపు బంధువు. జానెడు దేహము, పుల్లలవంటి కాలుసేతులు, ముఖము నిండిన గుండ్రని కన్నులు దీని రూపము. తోక లేదు. దీని రక్తము మనదానివలె నెల్లవేళల వెచ్చనిది. తల్లి 5 నెలలకు పైగా గర్భము మోసి, ఒకటి రెండు పిల్లలను మాత్రమే కని, పాలిచ్చి, పొట్టకు కఱపించుకొని తిరుగును. పిల్ల కొంచె మెదిగిన పిమ్మట దానిని కొమ్మపై నుంచి మేతకు బోయి, తెల్లవాఱకమునుపే వచ్చి చేరదీయును.

కప్పకు చనుబాలు లేవు. దాని దేహపు వేడిమి చుట్టునున్న గాలిని, నీటిని బట్టి మాఱును. అది నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. వేసవిలో చెఱువు లెండగా మట్టిలో దూరి కదలక యుండును. వాన రాగానే మగకప్ప పసుపుచాయ దాల్చి, గొంతు కిరువైపుల నీలిసంచులు పొంగించి యఱచును. ఆడుది నిలువనీటిలో వేలకొలది గ్రుడ్లు పెట్టి వెడలిపోవును. వానినుండి వచ్చిన పిల్లలు చేపలవలె మొప్పలతో నూపిరి తీయును. పిదప కాళ్లు మొలచి, తోక హరించి గట్టెక్కును. వేలలో మిగులునవి కొన్నియే.

ఒకతె పోషణచేతను, ఒకతె సంఖ్యచేతను వంశమును నిలుపుకొనుచున్నది. వాని ప్రమాదములును వేఱు. ఒక్క దేవాంగపుతల్లిని పట్టుకొనిపోయినచో ఆ పిల్లయు చచ్చును. ఆ లోటు తీఱుటకు ఏండ్లు పట్టును. కప్పలు కొన్ని చచ్చినను వంశము నిలుచును. కాని కుంటను పూడ్చినచో ఆయేటి సంతానమంతయు నశించును.

దేవాంగపు కన్నులు మందునకును, వశీకరణమునకును పనికివచ్చునను మూఢనమ్మకమువలన అవి యెన్నియో బలియైనవి. 1972 నాటి వన్యప్రాణిరక్షణచట్టము దానిని పట్టుటను నేర మన్నది. 1989లో శేషాచలమున శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యాన మేర్పడినది. కప్పకాళ్లు విదేశములకు ఆహారముగా టన్నులకొలది పోవుచుండగా, 1987లో ప్రభుత్వ మా యెగుమతిని నిషేధించినది.

వాన రానప్పుడు కప్పను రోకలికి గట్టి, యింటింట నీళ్లు పోయించుకొను ఆచారము మన పల్లెలయందు కలదు. వానకై వేడుకొనునపుడు తల్లి యని పిలిచినదానిని, వాన వచ్చిన పిదప పురుగుమందుల పాలు చేయుట తగునా? చట్టములు అడవి పొలిమేరవఱకే కాపు కాయగలవు. కప్పపై ఱాయి విసరబోవు పిల్లవానిచేయి పట్టుకొనుటకును, దేవాంగపు మందని వాకిట నిలిచినవానిని పొమ్మనుటకును ఇల్లాలే సమర్థురాలు.